షికాగో ఎంత దూరం?

మా అమ్మ దూరాన్ని గంటల్లో కొలుస్తుంది. నార్సింగి నుంచి సూర్యాపేట ఎంత దూరం అంటే "మూడు గంటలు" అంటుంది, ఎల్బీనగర్ దాటే దాకా పట్టే ట్రాఫిక్ కూడా కలుపుకుని. నూట యాభై కిలోమీటర్ల లోపే అని నేను చాలాసార్లు చెప్పాను. ఆ అంకెతో ఏం చేసుకోవాలో ఆవిడకి తెలీదు.

2022 డిసెంబర్లో అక్క షికాగో నుంచి వస్తున్న రోజు కూడా అంతే. అక్క ఇంటికి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. అమ్మకి నిద్ర లేదు, నన్నూ పడుకోనివ్వలేదు. గంటకోసారి వచ్చి "ఇప్పుడెక్కడుందిరా?" అని అడిగేది. నేను ఫోన్లో ఫ్లైట్ ట్రాకర్ తెరిచి చిన్న విమానం బొమ్మ చూపించేవాడిని. "గ్రీన్‌లాండ్ దగ్గరుందమ్మా."

"అదెక్కడ? ఇటు రాకుండా అటెందుకు పోయింది?"

"అది దగ్గరి దారి."

"సరే గానీ, ఇంకా ఎన్ని గంటలు?"

అమ్మ అడిగిన రెండు ప్రశ్నలూ మంచివే. విమానం అటెందుకు పోయింది అన్నదానికి జవాబు నా ఉద్యోగంలో ఉంది. ఇంకా ఎన్ని గంటలు అన్నది తేలిక అనుకున్నాను. ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఖాళీ దొరికినప్పుడల్లా చదువుతూ పోతే, అదే కష్టమైన ప్రశ్న అని అర్థమైంది. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

*

ముందు తేలికైన లెక్క. భూమి మీద రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే వాటి మధ్య దూరం కట్టడానికి హావర్‌సైన్ అనే పాత సూత్రం ఒకటుంది. ఒకప్పుడు నావికులు పట్టికలు చూసుకుని చేసిన పని. ఇప్పుడు పైథాన్‌లో పది లైన్లు చాలు. క్యాబ్ ఇంకా ఎంత దూరంలో ఉందో చెప్పే యాప్‌ల వెనక ఉండే లెక్కల్లో ఇదొకటి. శంషాబాద్ విమానాశ్రయం 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. షికాగో ఓహేర్ 41.98 ఉత్తరం, 87.90 పడమర. నాలుగు అంకెలూ ఇస్తే 13,280 కిలోమీటర్లు అని వచ్చింది. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా దూరం దాదాపు 20,000 కిలోమీటర్లు మించదు. అంటే సాధ్యమైన దూరంలో మూడింట రెండొంతులు.

ఆ గీత ఎటు పోతుందో కూడా గీసి చూశాను. గోడ మీద మ్యాప్‌లో షికాగో మనకి పడమట, బాగా ఎడంగా కనిపిస్తుంది. గ్లోబు మీద రెండు ఊళ్ళకీ దారం కట్టి బిగించి లాగితే దారం పడమటికి పోదు, ఉత్తరానికి జారుతుంది. హైదరాబాద్ నుంచి పంజాబ్, కాశ్మీర్ కొండలు, కజకిస్తాన్, రష్యాలో యూరల్ పర్వతాలు, బారెంట్స్ సముద్రం దాటి దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కుతుంది. అక్కడ నుంచి గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాలోకి దిగి షికాగో చేరుతుంది. మనకీ షికాగోకీ మధ్య ఉన్నది అట్లాంటిక్ అనుకుంటాం. నిజానికి ఉన్నది ఆర్కిటిక్.

విమానం అచ్చంగా ఆ గీత మీద పోలేదు. ఎత్తైన కొండల మీద ఎగురుతుండగా లోపలి గాలి ఒత్తిడి పడిపోతే, అందరికీ ఊపిరాడటం కోసం విమానం మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. కింద ఆరు వేల మీటర్ల శిఖరాలుంటే ఎక్కడికి దిగుతుంది? అందుకని కొండల్ని తప్పించి పక్క దేశాల ఆకాశంలోంచి పోతుంది. ఆ దేశాలు ఒప్పుకుంటేనే. 2019లో కొన్ని నెలలు, మళ్ళీ 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి మూసేస్తే, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే విమానాల ప్రయాణం గంటల కొద్దీ పెరిగింది. ఆ ఏడు సెప్టెంబర్లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు ఆపేయడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. ఢిల్లీ ఎక్కడికీ కదల్లేదు, వాషింగ్టనూ కదల్లేదు. మధ్యలో ప్రభుత్వాలు కదిలాయి.

హావర్‌సైన్ చెప్పని సంగతి ఇక్కడ మొదలవుతుంది. అది రెండు బిందువులనే అడుగుతుంది. వెళ్ళేది ఎవరు, ఏ కాయితాలతో, ఏ ఏడాదిలో అని అడగదు.

*

హైదరాబాద్‌కీ షికాగోకీ ముడిపడిన తొలి ప్రయాణాల్లో నాకు తెలిసినది వివేకానందుడిది. 1893 ఫిబ్రవరిలో ఆయన హైదరాబాద్ వచ్చాడు. 13వ తేదీన సికింద్రాబాద్‌లోని మహబూబ్ కాలేజీలో ఇంగ్లీషులో ప్రసంగించాడు. అంశం, పడమటి దేశాలకు తను ఏ పని మీద వెళ్తున్నాడన్నది. అప్పటికింకా డబ్బు పూర్తిగా సమకూరలేదు, ఓడ టికెట్ లేదు. ఇక్కడి నుంచి మద్రాసు తిరిగి వెళ్ళి, ఖేత్రీ వెళ్ళి, చివరికి మే 31న బొంబాయిలో పెనిన్సులర్ అనే ఓడ ఎక్కాడు.

ఆ ఓడ తూర్పుకి పోయింది. కొలంబో, పెనాంగ్, సింగపూర్, హాంకాంగ్, ఆ తర్వాత జపాన్. జులై 14న యొకొహామాలో 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా' అనే ఇంకో ఓడ ఎక్కి పసిఫిక్ దాటి 25న వాంకోవర్‌లో దిగాడు. అక్కడ నుంచి రైళ్ళు మారుతూ జులై 30 రాత్రికి షికాగో. బొంబాయిలో ఓడ ఎక్కింది మొదలు లెక్కపెడితే అరవై రోజులు. తీరా చేరాక తెలిసిందేమిటంటే, సర్వమత సభ సెప్టెంబర్లో గానీ మొదలవదు, పరిచయ పత్రాలు లేకుండా రానివ్వరు. షికాగోలో ఖర్చులు తట్టుకోలేక, కాస్త చవగ్గా బతకొచ్చని బోస్టన్ వైపు వెళ్ళాడు. సెప్టెంబర్ 11న చేసిన ప్రసంగం గురించి అందరికీ తెలుసు. నాకు ఆ మధ్య వారాలే ఎక్కువ ఆసక్తిగా అనిపించాయి. చలికి సరైన బట్టల్లేక, చేతిలో డబ్బు కరిగిపోతూ, పరాయి దేశంలో అడుగుపెట్టిన ప్రతి కుర్రాడికీ ఆ వారాలు తెలుసు.

ఆ అరవై రోజుల్లో వీసా కోసం పట్టిన రోజులు ఎన్ని? సున్నా. వీసా అనేది అప్పటికి మామూలు ప్రయాణీకుడి జీవితంలో లేదు. తలుపు అందరికీ తెరిచే ఉందని కాదు. 1882లో చేసిన చట్టంతో చైనా కూలీలకి అప్పటికే మూసేశారు. మనవాళ్ళ దాకా ఇంకా రాలేదు, అంతే. 1893లో షికాగో అరవై రోజుల దూరం, ఆ అరవై రోజులూ సముద్రం, రైలుపట్టాలే. ఓడ కదిలిందంటే దూరం తగ్గుతున్నట్టే.

*

రెండో ప్రయాణీకుడు మనవాడే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలి సంవత్సరాల్లో బోస్టన్ వెళ్ళాడు. ఆయన ఏమేం కనిపెట్టాడో పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఇక్కడ నాకు కావాల్సింది ఆయన టికెట్ డబ్బులు ఎక్కడివన్నది.

మామగారు కొంత సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా సాయపడింది. ఆ నాయకర్ గారు ధనవంతుడైంది రంగూన్‌లో. కోరంగి ప్రాంతం నుంచి బర్మా వెళ్ళి, ఓడల సరుకుల పనిలో సంపాదించి, ఆస్తిని ధర్మానికి రాసిపోయిన మనిషి. అంటే తెలుగు కుర్రాణ్ణి బోస్టన్ పంపిన డబ్బులో కొంత బంగాళాఖాతం దాటి వచ్చిందే.

రంగూన్ దూరం కూడా కట్టి చూశాను. కాకినాడా రంగూనూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, రెండూ 17 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ. కాకినాడ ఒడ్డున నిలబడి తిన్నగా తూర్పుకి పోతే 1,480 కిలోమీటర్లలో రంగూన్. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు మన తీరం నుంచి మనుషుల్ని వారం లోపే అక్కడ దించేవి. మిల్లుల్లో, రేవుల్లో కూలికి వేల మంది వెళ్ళేవారు. బర్మాలో తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అని పేరు. కోత కాలానికి వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళున్నారు, స్థిరపడినవాళ్ళున్నారు. గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్ళకి హైదరాబాద్ కన్నా రంగూన్ దగ్గర.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మరుసటి మార్చిలో నగరం వాళ్ళ చేతికి పోయింది. లక్షల మంది భారతీయులు అరకాన్ వైపు, అస్సాం వైపు అడవుల్లో నడిచి వచ్చారు. చాలామంది దారిలోనే పోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. స్టీమర్‌లో వారం లోపు దూరం, కాలినడకన వారాలూ నెలల దూరం అయింది. నేను ఫోన్లో హైదరాబాద్ నుంచి రంగూన్‌కి టికెట్ వెతికితే బ్యాంకాక్ పోయి వెనక్కి రమ్మంది. 1,900 కిలోమీటర్ల ప్రయాణానికి ఒక పూటకి పైగా. వందేళ్ళలో విమానాలొచ్చాయి, జెట్లొచ్చాయి. రంగూన్ మాత్రం మనకి దూరమైంది. దూరాలు కాలంతో పాటు తగ్గుతూనే పోతాయన్నది నేనెప్పుడూ ప్రశ్నించని నమ్మకం. ఈ ఒక్క ఊరు దాన్ని చెడగొట్టింది.

సుబ్బారావు దగ్గరికి వస్తాను. వెళ్ళేటప్పుడు భార్య శేషగిరిని పుట్టింట్లో వదిలి వెళ్ళాడు. చదువయ్యాక తిరిగి రావాలన్నదే ఉద్దేశం. ఆయన వెళ్ళాక కొడుకు పుట్టాడు, పసితనంలోనే జబ్బు చేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడలేదు. మొదట్లో ఆస్పత్రిలో రాత్రిపూట నౌకరు పని చేస్తూ చదువుకున్న మనిషికి బోస్టన్ నుంచి వచ్చిపోవడమంటే నెలల ప్రయాణం, ఏళ్ళ పొదుపు. ఇంకొకటి కూడా ఉంది. 1917 చట్టంతో అమెరికా మన దేశాన్ని 'నిషేధిత మండలం'లో పెట్టింది. చదువుకునేవాళ్ళకి మినహాయింపు ఉండేది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం కుదరదంది. అలాంటి రోజుల్లో ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి రానిస్తారన్న భరోసా ఎవరికి ఉంటుంది? 1946లో చట్టం మార్చి ఏడాదికి వంద మంది భారతీయులని అనుమతించారు. రెండేళ్ళ తర్వాత, 1948 ఆగస్టులో ఆయన న్యూయార్క్‌లో చనిపోయాడు. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు.

ఎందుకు రాలేదన్నదానికి జీవితచరిత్రకారులు పని మీద ధ్యాస అని, ప్రతిజ్ఞ అని, సంసారం మీద విరక్తి అని రకరకాలుగా అర్థం చెప్తారు. అవన్నీ ఉండొచ్చు. కానీ దూరాన్ని కూడా ఒక కారణంగా లెక్కలోకి తీసుకోవాలని నాకనిపిస్తుంది. మనం మహానుభావుల జీవితాల్లో వెళ్ళిన ప్రయాణాన్ని రాస్తాం. ఓడ పేరు, తేదీ, రేవు అన్నీ దొరుకుతాయి. రాని ప్రయాణానికి తేదీ ఉండదు కాబట్టి చరిత్రలోకి రాదు. శేషగిరి గారి వైపు నుంచి చూస్తే ఉన్నది ఆ రెండోదే.

షికాగో పేరు చెప్తే గుర్తొచ్చే ఇంకో మనిషి సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. మద్రాసులో చదువుకున్న తమిళుడు. 1930లో పందొమ్మిదేళ్ళ వయసులో బొంబాయిలో ఇంగ్లండ్ ఓడ ఎక్కాడు. డెక్ మీద ఊరికే కూర్చోలేక, చనిపోతున్న నక్షత్రాల బరువు గురించి లెక్కలు వేశాడు. ఆ లెక్కే యాభై మూడేళ్ళ తర్వాత నోబెల్ దాకా తీసుకెళ్ళింది. నిదానమైన ప్రయాణం గురించి మాట్లాడేవాళ్ళకి ఇది ఇష్టమైన కథ, నాకూ ఇష్టమే. అయితే ఆ కథలో ఇంకో సగం ఉంది. ఆయన వెళ్ళేనాటికే తల్లి జబ్బుతో ఉంది. 1931 మేలో ఆవిడ పోయింది. కొడుకు కేంబ్రిడ్జిలో ఉన్నాడు. 1936లో గానీ ఆయన మద్రాసు రాలేదు. పెళ్ళి చేసుకుని మళ్ళీ బయల్దేరి 1937 మొదట్లో షికాగో విశ్వవిద్యాలయంలో చేరాడు, చివరిదాకా అక్కడే ఉన్నాడు.

*

ఇక విమానాలు. మన వైపు విమానంలో ముందు ఎగిరింది ఉత్తరాలు. 1932 అక్టోబర్ 15న టాటాల ఎయిర్ మెయిల్ మొదలైంది. జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి దాకా నడిపాడు. అక్కడ నుంచి నెవిల్ వింట్‌సెంట్ అందుకుని బళ్ళారిలో రాత్రి ఆగి మర్నాడు మద్రాసు చేర్చాడు. మోసింది పాతిక కిలోల ఉత్తరాలు. బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలోని దత్తమండలాల్లో ఊరు. ఇంగ్లండ్ నుంచి కరాచీకి విమానంలో వచ్చిన ఉత్తరం మద్రాసు చేరడానికి రైళ్ళ మీద ఆధారపడటం ఆ రోజుతో తప్పింది.

హైదరాబాద్‌లో బేగంపేట విమానాశ్రయం 1930లలో తయారైంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో అన్నిటితో పాటు అదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. దేశం బయటికి మాత్రం బొంబాయే గుమ్మం. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా విమానం కైరో, జెనీవాల మీదుగా లండన్ బయల్దేరింది. 1960లో బోయింగ్ 707లతో న్యూయార్క్ దాకా వెళ్ళింది. అరవై రోజులు ఒకటిన్నర రోజుకి వచ్చాయి.

అయినా 1960లో ఎంతమంది తెలుగువాళ్ళు వెళ్ళగలిగారు? చేతివేళ్ళతో లెక్కపెట్టకపోయినా, పెద్ద సంఖ్య కాదు. మెషీన్ తయారుగా ఉంది, తలుపు మూసే ఉంది. 1965లో అమెరికా వలస చట్టం మారింది. దేశాల వారీ పాత కోటాలు పోయి, చదువుకున్నవాళ్ళకి వీలైంది. ఆ తర్వాతే గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్ళడం మొదలైంది. నన్నడిగితే మన చరిత్రలో 707 కన్నా ఆ చట్టమే వేగమైన వాహనం. అలాగే 1990లో చేసిన చట్టంలో హెచ్1బి అనే మాట లేకపోతే, 1998లో సైబర్ టవర్స్ కట్టినా ఈ చుట్టుపక్కల కథ వేరేగా ఉండేది.

2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు. ఆ ఏడాది చివర్లోనే గచ్చిబౌలి నుంచి నార్సింగి మీదుగా శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క తెరిచారు. అదే ఏడు అమెరికన్ కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మారింది. మా ఫ్లాట్ నుంచి పట్టుమని పది కిలోమీటర్లుండదు. నార్సింగిలో ఉండేవాళ్ళకి షికాగో ప్రయాణంలో అన్ని మజిలీలూ అందుబాటులోనే ఉన్నాయి. ఆఫీసు, వీసా, ఔటర్ ఎక్కితే అరగంటలో విమానం.

*

2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం వేసింది. వారానికి ఒకటి. బోయింగ్ 777-200 ఎల్ఆర్, 238 సీట్లు. దానికి కొద్ది రోజుల ముందే అదే సంస్థలో అందరూ ఆడవాళ్ళే నడిపిన విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు వచ్చింది. దాని నలుగురు పైలట్లలో పాపగారి తన్మయి ఒకరు.

హైదరాబాద్ నుంచి అమెరికాకి మధ్యలో ఎక్కడా దిగకుండా పోవడం అదే మొదటిసారి. పదహారు గంటల పైచిలుకు. ఆ మోడల్ ట్యాంకుల్లో లక్షా ఎనభై వేల లీటర్ల ఇంధనం పడుతుంది. అంత బరువు మోయడానికే అందులో చాలా భాగం కాలిపోతుంది, దూరం పెరిగే కొద్దీ ఈ లెక్క ఇంకా ఖరీదవుతుంది. దుబాయ్ మీదుగా పోతే 2,550, మళ్ళీ 11,640, మొత్తం 14,190 కిలోమీటర్లు. తేడా 900 కిలోమీటర్లే. దిగి, సెక్యూరిటీ దాటి, ఇంకో గేటు వెతుక్కునే ఆ నాలుగైదు గంటలే అసలు తేడా. ముసలివాళ్ళకీ, చంటిపిల్లల తల్లులకీ ఆ గంటల విలువ వేరు. నేరుగా పోయే ఆ విమానం ఎక్కువకాలం నడవలేదు. కానీ అది మొదలైన రోజున, చరిత్ర మొత్తంలో హైదరాబాద్‌కి షికాగో అంత దగ్గరగా ఎప్పుడూ లేదు. నాన్న పేపర్లో ఆ వార్త చూసి అక్కకి ఫోన్ చేశాడు. "ఇక్కడెక్కితే అక్కడే దిగుతారంట. వేసవి పోయాక మేం కూడా వస్తం" అన్నాడు.

మే నెలలో నాన్న పోయాడు. సెకండ్ వేవ్. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

అక్కా బావా హెచ్1బి మీద ఉన్నారు. అక్క పాస్‌పోర్ట్‌లో వీసా ముద్ర గడువు అయిపోయింది. లోపల ఉన్నంతకాలం ఫర్వాలేదు, బయటికొస్తే కొత్త ముద్ర లేకుండా తిరిగి పోలేదు. ఆ రోజుల్లో ఇంటర్వ్యూలకి తేదీల్లేవు. దానికి తోడు మే 4 నుంచి ఇండియాలో ఉండొచ్చిన వీసాదారులని అమెరికా రానివ్వడం ఆపింది. వస్తే ఎప్పుడు తిరిగి పోతుందో తెలీదు. ఉద్యోగం, ఇల్లు, బావ అంతా అక్కడ. రెండు రాత్రులు ఆ లెక్కలే వేసుకున్నాం. "వస్తా" అని ఒక గంట, "ఎట్లా రావాలిరా" అని ఇంకో గంట. చివరికి నేనే వద్దన్నాను. ఆ మాట నాదే. ఇప్పటికీ అది సరైనదో కాదో నాకు తెలీదు.

సాయంత్రం నాలుగింటికి దహనం. షికాగోలో తెల్లవారుజామున ఐదున్నర. నేను కర్మ చేస్తుంటే మా బాబాయి కొడుకు ఫోన్ పట్టుకున్నాడు. నా ఉద్యోగమే ఇలాంటి సమాచారం ఎంత వేగంగా పోతుందో కొలవడం. గాజు తీగలో కాంతి సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. 13,280 కిలోమీటర్లకి 66 మిల్లీసెకన్లు. తీగలు తిన్నగా ఉండవు, మధ్యలో యంత్రాలుంటాయి, పోయి రావడానికి పావు సెకనో ఇంకాస్తో వేసుకుందాం. సుబ్బారావుకి కొడుకు పోయిన వార్త ఉత్తరంలో చేరి ఉంటుంది. మా అక్క పావు సెకను ఆలస్యంగా అన్నీ చూసింది. వార్త చేరే దూరం అంతగా తగ్గింది. మనిషి వచ్చే దూరం ఆయన కాలంలో ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది.

అమెరికా ఆ నిబంధన నవంబర్ 8న ఎత్తేసింది. తర్వాత వీసా ముద్రకి తేదీ దొరకడానికి ఇంకో ఏడాది పట్టింది. 2022 డిసెంబర్లో అక్క విమానం ఎక్కింది.

ఇప్పుడు అమ్మ ప్రశ్న. షికాగో నుంచి ఇంటికి ఎన్ని గంటలు? విమానాలూ మధ్యలో ఆగడాలూ కలిపితే ఇరవై రెండు. కానీ అక్క రావాలనుకున్న రోజు నుంచి వచ్చిన రోజు దాకా లెక్కపెడితే పంతొమ్మిది నెలలు. వివేకానందుడి అరవై రోజులకి ఇది తొమ్మిది రెట్ల పైన. ఈ పోలిక అన్యాయమని ఎవరైనా అనొచ్చు. ఆ పంతొమ్మిది నెలలూ ఒక మహమ్మారి కాలం, మామూలు రోజులు కావు. నిజమే. కానీ రంగూన్ వాళ్ళకి యుద్ధం కూడా మామూలు కాదు, సుబ్బారావు కాలపు చట్టాలు కూడా ఎల్లకాలం ఉన్నవి కావు. దూరం ఎంతో తెలిసేది మామూలు రోజుల్లో కాదు. సెలవు పెట్టి, ఆఫర్లో టికెట్ కొనుక్కుని, ఊరగాయ డబ్బాలు సర్దుకుని పోయి వచ్చే రోజుల్లో షికాగో ఇరవై రెండు గంటలే. ఇంట్లో ఎవరికైనా బాగోలేదని ఫోన్ వచ్చిన రాత్రి, అది ఎంత దూరమో ఆ రాత్రి ఉన్న చట్టాలూ, పాస్‌పోర్ట్‌లోని ముద్ర తేదీ, ఏ ఆకాశాలు తెరిచి ఉన్నాయన్నదీ చెప్తాయి. నార్సింగి, కోకాపేట, మణికొండల్లో ఒక్కొక్క అపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఇళ్ళల్లో అమ్మానాన్నలు మాత్రమే ఉంటున్నారో చూస్తే, ఈ లెక్క మా ఒక్క ఇంటిది కాదని తెలుస్తుంది.

ప్రయాణాల చరిత్రని మనం యంత్రాల చరిత్రగా రాసుకుంటాం. ఓడ, ఆవిరి, ప్రొపెల్లర్, జెట్. పోయేవాళ్ళ వైపు నుంచి చూస్తే అది సరిపోతుంది. ఇంట్లో ఉండిపోయినవాళ్ళ వైపు నుంచి రాస్తే అధ్యాయాల పేర్లు వేరేగా ఉంటాయి. 1917, 1923, 1942, 1946, 1965, 1990, 2021. వాటిలో ఒక్కటి కూడా విమానం పేరు కాదు.

తెల్లవారుజామున మూడున్నరకి అక్క శంషాబాద్‌లో దిగింది. రెండు పెట్టెలు, సన్నబడిన మొహం. ఔటర్ మీద ఇరవై ఐదు నిమిషాల్లో నార్సింగి వచ్చాం. దారిలో ఎవరం పెద్దగా మాట్లాడలేదు. అమ్మ అప్పటికే నీళ్ళు కాచి పెట్టింది. అక్క స్నానం చేసి వచ్చి నాన్న ఫొటో ముందు చాలాసేపు కూచుంది. అమ్మ పక్కన కూచుంది. ఎన్ని గంటలు పట్టిందని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం సూర్యాపేట బయల్దేరాం. మూడు గంటలు పట్టింది.